బుజ్జికి, ఖండ గతి సంగతి

బుజ్జీ,

స్టేజీ మీదే కోడ్ రాస్తూ, పక్కన మృదంగంతో టైడల్ సైకిల్స్ కచేరీ చేస్తున్నావట, అదే, కోడ్‌తో సంగీతం పలికించే ఆ సాఫ్ట్‌వేర్‌తో. మీ నాన్న చెప్పాడు. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

శబ్దం పుట్టించే ఆ సూపర్‌కొలైడర్ ప్రోగ్రాం ముందే తెరిచి ఉంచుకో. ఛార్జర్ మర్చిపోకు. కంగారు పుడితే 'హష్' అని కొట్టు, అన్నీ ఆగుతాయి.

ఇక ఖండ గతి, అంటే అక్షరానికి (తాళంలో ఒక దెబ్బకి) ఐదు మాత్రలు. 2003లో నేనూ ఇలాంటి పనే చేశాను, సీ భాషలో. కాలాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టి, మాత్ర మాత్రకీ ఇంత కలుపుకుంటూ పోయాను. సరిగ్గా 1 అయితే తర్వాతి అక్షరం. ఇంట్లో తకధిమితోనే, అంటే నాలుగు మాత్రలతోనే చూసుకున్నాను. 0.25 నాలుగుసార్లు కూడితే ఎప్పుడూ 1 వస్తుంది. స్టేజీ ఎక్కాక ఊపొచ్చి తకతకిట రెండో కాలంలోకి దూకాను. అంటే ఖండమే రెట్టింపు వేగంలో, అక్షరానికి 0.1 పదిసార్లు. కంప్యూటర్ లెక్కలో అది 1 కాదు, 0.9999999999999999! ఆ అక్షరం ఇక పూర్తయితే ఒట్టు. మృదంగం ఆయన సమం కోసం, అంటే తాళం మళ్ళీ మొదలయ్యే చోటు కోసం చూసి చూసి తలెత్తారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? తాళం తప్పింది ఆయనే అన్నట్టు ఆయన వైపు చూశాను. హాలంతా చూసింది. ఆయన పల్లెత్తు మాటనకుండా ముగింపు జతి, అదే ముక్తాయింపు వేసి నన్ను గట్టెక్కించారు. తప్పు నాదని తెల్లారేసరికి దొరికింది. వాళ్ళింటికి వెళ్ళడానికి వారం పట్టింది. ఆయన కాఫీ ఇప్పించి, ఖండంలోనే ఇంకో జతి నేర్పి పంపారు.

అందుకే అలెక్స్ మెక్‌లీన్ హాస్కెల్‌లో రాసిన ఈ టైడల్ అంటే నాకు ముచ్చట. ఇందులో ప్యాటర్న్ ఒక ఫంక్షన్. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఏం మోగాలి అని అడిగితే చెబుతుంది. వందో ఆవర్తనం (తాళం చుట్టు) కావాలంటే ముందు తొంభై తొమ్మిదీ నడిపించక్కర్లేదు. 'రెవ్'తో తిరగేస్తే వచ్చేది వేరే ప్యాటర్న్, అసలు జతి చెక్కుచెదరదు. కాలం లెక్క భిన్నాల్లో కాబట్టి పదో వంతులు పది కలిస్తే ఒకటే. కానీ నువ్వు సొంతంగా రాసే ఫంక్షన్లలో కాలానికి డబుల్ (దశాంశాల లెక్క) వాడావో, మళ్ళీ నా కథే. రేషనల్ (భిన్నాల లెక్క) వాడు. నీకు తొందరెక్కువ, అచ్చం మీ నాన్నే.

ఐదు గతుల్లోనూ రిహార్సల్ చెయ్యి, ఆ మృదంగం అబ్బాయిని కూర్చోబెట్టుకుని. స్టేజీ మీద ఏం జరిగినా ముందు నీ స్క్రీన్ వైపు చూడు, అతని వైపు కాదు.

నాకు ముందు వరుసలో సీటు ఉంచు. స్పీకర్‌కి దూరంగా. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసుగా.

మీ పెదనాన్న