పొందుపరచడమా, భద్రపరచడమా?

సందేహం: చిప్పు ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) చేసే వేళ దాని విద్యుత్ వాడకంలో వచ్చే హెచ్చుతగ్గులను కొలిచి, వాటి ద్వారా రహస్య కీ బయటికి పొక్కుతోందా అని చూసే ప్రయోగాలు మావి. ఆ డేటా గురించి రాస్తూ ‘నిల్వ చేశాం’, ‘భద్రపరిచాం’, ‘పొందుపరిచాం’ అని మార్చి మార్చి వాడాను. మూడూ ఒకటేనా? ఒక్కో కొలత రికార్డును మేం ‘ట్రేస్’ అంటాం; దాన్ని ‘జాడ’ అనవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: ఒకటి కావు. ‘నిల్వ’ నిలుచు నుంచి వచ్చింది. ఉన్నచోట ఉండిపోవడమే దాని భావం. ‘భద్రం’ సంస్కృతం, అక్కడ శుభం, మన వాడుకలో క్షేమం. ఈ రెండింటితో పేచీ లేదు. అసలు సంగతంతా ‘పొందుపరచు’ దగ్గరే ఉంది.

పొందు అనగానే దక్కించుకోవడం స్ఫురిస్తుంది గాని, కలియడం, అమరడం అనే అర్థం ఆ మాటలో లోతుగా పాతుకుని ఉంది. తమిళ ‘పొరుందు’ దీని తోబుట్టువే. ఇమడటం, అతకడం దాని అర్థం. కన్నడంలో పకారం హకారమై ‘హొందు’ అయింది; ‘హొందికె’ అంటే పొసగడం, సర్దుబాటు. మన ‘పొందిక’ అదే. నామవాచకంగా పొందు చెలిమి. ‘మంచివారి పొందు’ అంటాం. దానికి ‘పరచు’ చేరితే, విడివిడిగా ఉన్నవాటిని ఒకదానికొకటి పొసగేలా కూర్చడం. ఇప్పుడేమో ఏ కాగితాన్ని ఎక్కడ పడేసినా ‘పొందుపరిచారు’ అని రాసేస్తున్నారు. పొందికే లేనిచోట పొందుపరచడం ఎక్కడిది?

మీ పనినే చూడండి. ట్రేస్ అంటే విద్యుత్ హెచ్చుతగ్గులను కొలిచే ఆసిలోస్కోపు ఇచ్చిన అంకెల వరుస. ఆ క్షణాన చిప్పుకు ఏ సందేశం ఇచ్చారో, ఏ కీ వాడారో, సెకనుకు ఎన్ని నమూనాలు తీశారో పక్కన లేకపోతే దాన్ని ఎంత జాగ్రత్తగా దాచినా ఏం లాభం? 1999లో పాల్ కోచర్, జాషువా జాఫ్, బెంజమిన్ జున్ ప్రకటించిన విశ్లేషణ పద్ధతికి ట్రేసు, సందేశాల జతే ఆధారం. కీలో ఒక ముక్కను ఊహించి, సందేశాన్ని బట్టి ట్రేసులను రెండు కుప్పలు చేసి, సగటుల తేడా చూస్తారు. ఊహ సరైనదైతే ఆ తేడా శిఖరంలా పైకి లేస్తుంది. సందేశాల పట్టిక ఒక్క వరుస కిందికి జారిందా, సరైన కీ దగ్గర కూడా ఆ శిఖరం కనిపించదు. డిస్కులో ఒక్క బైటు పోలేదు కనుక డేటా భద్రమే. పొందు మాత్రం చెడింది!

ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థ ఆన్సీ పరిశోధకులు 2018లో వెలువరించిన ‘ఆస్కాడ్’ సంకలనంలో 60,000 ట్రేసులు ఒకే హెచ్‌డీఎఫ్5 (డేటాను, దాని వివరాలను కలిపి ఉంచే ఫైలు పద్ధతి) ఫైలులో ఉన్నాయి. కీని పసిగట్టే కంప్యూటర్ మోడల్‌కు నేర్పడానికి 50,000, దాడిని పరీక్షించడానికి 10,000 వేరు చేసి, ప్రతి ట్రేసుకూ దాని సందేశం, కీ, మాస్కులు (లెక్కను మరుగుపరచడానికి చిప్పు కలిపే యాదృచ్ఛిక అంకెలు) జత చేశారు. ఇదీ పొందుపరచడమంటే!

కాబట్టి కొలిచింది కొలిచినట్టు డిస్కులో వేస్తే నిల్వ. నకలు తీసి, చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని తేల్చే సరిచూపు అంకెతో) సరిచూసి కాపాడితే భద్రపరచడం. వివరాలతో జతకూర్చి అమరిస్తే పొందుపరచడం. అయినా వాడుక బలం తక్కువది కాదు, మీరు రాసింది తప్పని కొట్టిపారేయలేను. పై తేడా పాటిస్తే మీ వ్యాసం చదివేవారికి ఏ దశలో ఏం చేశారో తెలుస్తుంది.

ఇక ‘జాడ’ సంగతి. మొదటిసారి ‘విద్యుత్ జాడ’ అని పరిచయం చేసి, ఆపైన ‘ట్రేస్’ అనే ఉంచండి.