బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రెండో ఫ్లాట్, టీడీఎస్ నోటీసు: సమాధానం

ఫ్లాట్ కొన్నప్పుడు టీడీఎస్ కట్టలేదని నోటీసు వచ్చిందన్నారు. టీడీఎస్ అంటే ఓనర్‌కిచ్చే డబ్బులోంచి కొనేవాళ్ళే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొయ్యాలి. మీ లెక్క తప్పింది ఆ 50 లక్షల దగ్గరే. 72 లక్షల ఫ్లాట్, నాది సగం మా ఆవిడది సగం, ఎవరి వాటా చూసినా 36 లక్షలే కదా టీడీఎస్ ఎందుకు అనుకున్నారు, కానీ 2024 అక్టోబర్ 1 నుంచి వాటాలు చూడరండి, మొత్తం ధర చూస్తారు. మీరు కొన్నది 2025లో. అంటే 1 శాతం, 72 వేలు కట్టాల్సిందే. రెండో ఇల్లు కావడానికీ దీనికీ సంబంధం లేదు, కర్ణాటకలో స్టాంప్ డ్యూటీ కూడా రెండో ఇల్లని ఎక్కువ వెయ్యరు.

మీకు అమ్మిన ఓనర్ ఎన్నారై కాదనుకుని చెప్తున్నా:

1. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఫారం 26క్యూబీ నింపండి, ఈ టీడీఎస్ కట్టేది దాంతోనే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, భర్త లాగిన్‌లో మొత్తం 72 వేలు కట్టేసి హమ్మయ్య అనుకుంటారు, తర్వాత భార్య పాన్ మీద నోటీసు వస్తుంది. మీ లాగిన్‌లో మీదొకటి, మీ ఆవిడ లాగిన్‌లో ఆవిడదొకటి, చెరో 36 వేలు. అమ్మినవాళ్ళు కూడా ఇద్దరైతే నాలుగు ఫారాలు, విసుగే గానీ తప్పదు.
2. కొనేవాళ్ళు ఒకరికంటే ఎక్కువా అని అడిగిన చోట అవును పెట్టండి.
3. లేటుకి వడ్డీ, రోజుకి 200 ఫీజు పడతాయి, ఫీజు మాత్రం టీడీఎస్ మొత్తాన్ని దాటదు.

ఓనర్‌కి ఫుల్లుగా ఇచ్చేశారు కదా, ఆ 72 వేలు వెనక్కి అడగండి, దాని క్రెడిట్ ఎలాగూ ఆయన రిటర్న్‌లో, ముందే కట్టిన పన్నుగా, ఆయనకే వస్తుంది.