వంటగది చూశారు, ఇక కంపెనీ లెక్కలు చూడండి

ప్రశ్న: నేనూ మావారూ న్యూయార్క్ నగరంలో క్వీన్స్‌లో అద్దెకు ఉంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 1.32 లక్షల డాలర్లు, పొదుపు 1.38 లక్షల డాలర్లు. కారు లోను 9 వేలు మిగిలి ఉంది, నెలకు 350 కడుతున్నాం. ఫారెస్ట్ హిల్స్‌లో ఎనిమిది అంతస్తుల పాత భవనంలో, వంటగది, బాత్‌రూమ్ పూర్తిగా కొత్తగా చేయించిన ఒక బెడ్‌రూమ్ కో-ఆప్ ఫ్లాటు 4.20 లక్షల డాలర్లకు వస్తోంది. మెయింటెనెన్స్ నెలకు 1,080. హైదరాబాద్ నుంచి నాన్నగారు 25 లక్షల రూపాయలు ఇస్తానంటున్నారు. బ్యాంకు రుణం ఇస్తానంది. ఇది మా మొదటి ఇల్లు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. అయితే కారు లోను ముందుగా తీర్చేసి, నాన్నగారి డబ్బు ఇప్పుడే తెప్పించుకుని, భవనం లెక్కలను మీ లాయరు చదివాకే ఒప్పందం మీద సంతకం చేయండి.

కో-ఆప్‌లో ఫ్లాటు మీ పేరున రిజిస్టర్ కాదు. భవనమంతా ఒక కంపెనీ ఆస్తి. మీకు దక్కేవి ఆ కంపెనీలో కొన్ని షేర్లు, ఆ ఫ్లాటులో నివసించే హక్కునిచ్చే ప్రొప్రైటరీ లీజు. అందువల్ల ఒక లాభం ఉంది: ఇంతే రుణంతో కాండో, అంటే నేరుగా మీ పేరునే రిజిస్టరయ్యే ఫ్లాటు, కొంటే ఇంటి రుణం నమోదు మీద నగరంలో 1.8 శాతం చొప్పున సుమారు 6 వేల డాలర్ల మార్ట్‌గేజ్ రికార్డింగ్ పన్ను పడుతుంది, కో-ఆప్‌కు అది ఉండదు. నష్టమూ అందులోనే ఉంది, ఎందుకంటే ఆ కంపెనీ చేసిన అప్పులో మీ షేర్ల మేరకు భారం మెయింటెనెన్స్ రూపంలో ప్రతి నెలా మీ మీద పడుతుంది.

బ్యాంకు సరేనన్నంత మాత్రాన పని పూర్తికాదు, ఆ కంపెనీని నడిపే కో-ఆప్ బోర్డు కూడా ఒప్పుకోవాలి. వివక్ష చూపకూడదన్న చట్టానికి లోబడి, కారణం చెప్పకుండానే తిరస్కరించే అధికారం బోర్డుకు ఉంది. 20 శాతం, అంటే 84 వేలు, డౌన్ పేమెంట్‌గా కట్టి, మిగిలిన 3.36 లక్షలు 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్లకు తీసుకుంటే వాయిదా నెలకు సుమారు 2,124 డాలర్లు అవుతుంది; మెయింటెనెన్స్ కలిపితే 3,204, కారు వాయిదా కూడా కలిపితే మీ స్థూల ఆదాయంలో 32 శాతం దాటుతుంది. చాలా బోర్డులు 25 నుంచి 30 శాతం లోపే ఉండాలంటాయి. కారు లోను తీర్చేస్తే ఇది 29కి దిగుతుంది. అదీ అంచు మీదే, కనుక ఈ బోర్డు పరిమితి ఎంతో బ్రోకరును ముందే అడగండి. 28 అని జవాబొస్తే డౌన్ పేమెంట్ 25 శాతానికి పెంచక తప్పదు.

అంతకన్నా ముఖ్యం, కొన్న మర్నాడు మీ ఖాతాలో మిగిలేది. డౌన్ పేమెంట్, కారు లోను, లాయరు ఫీజు, బ్యాంకు, బోర్డు ఖర్చులకు నేను వేసుకున్న 8 వేలు పోగా 37 వేలు మిగులుతాయి. ఇది పన్నెండు నెలల ఇంటి ఖర్చుకు, అంటే వాయిదాకూ మెయింటెనెన్స్‌కూ, కూడా కాస్త తక్కువే. ఏడాది నుంచి రెండేళ్లకు సరిపడా నగదు చూపమనే బోర్డులు ఉన్నాయి. నాన్నగారి డబ్బు, సుమారు 27 వేల డాలర్లు అనుకుందాం, అక్కరకు వచ్చేది ఇక్కడే. దానిని డౌన్ పేమెంట్‌లో కలపకుండా నిల్వగా ఉంచితే చేతిలో ఇరవై నెలల ఖర్చు ఉంటుంది. బహుమతి సొమ్ముతో ఇల్లు కొనేవారిని ఇష్టపడని బోర్డుల ముందు కూడా మీ మాట నిలబడుతుంది.

ఆ డబ్బు పంపేటప్పుడు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై భారతదేశంలో బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, వసూలు చేస్తుంది. 25 లక్షలు ఒకేసారి పంపితే మరో 3 లక్షలు నాన్నగారి చేతిలో ఉండాలి. రిటర్ను వేసినప్పుడు అది ఆయన పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది, పోయే డబ్బు కాదు. రుణమిచ్చే బ్యాంకు సాధారణంగా రెండు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతుంది కాబట్టి, ఆ రెండు నెలలకు ముందే డబ్బు వచ్చి ఉండేలా చూసుకుని, ఇది అప్పు కాదు, బహుమతి అని నాన్నగారి సంతకంతో లేఖ తెప్పించుకోండి.

ఇక భవనం. గత రెండేళ్ల ఆడిట్ నివేదికలు, బోర్డు సమావేశాల మినిట్స్ లాయరు చదవాలి. కంపెనీ అప్పు గడువు ఏ ఏడాది తీరుతుందో మొదట చూడమనండి. తక్కువ వడ్డీ ఉన్న కాలంలో తెచ్చిన అప్పును ఇప్పటి రేటుకు తిరగరాస్తే మీ 1,080 అలాగే ఉండదు. ఆరు అంతస్తులు దాటిన భవనాలకు నగరంలో ఐదేళ్లకొకసారి బయటి గోడల తనిఖీ తప్పనిసరి. 25 వేల చదరపు అడుగులు దాటిన భవనాలకు 2019 నాటి నగర చట్టం లోకల్ లా 97 కింద కర్బన ఉద్గారాల పరిమితి 2024 నుంచి అమలులో ఉంది, 2030లో అది ఇంకా బిగుస్తుంది. గోడల మరమ్మతుకో, పాత బాయిలర్ మార్చడానికో రిజర్వు నిధి చాలకపోతే బోర్డు అసెస్‌మెంట్, అంటే అదనపు వసూలు, వేస్తుంది, దానిని షేర్‌హోల్డర్లే కట్టాలి.

కొత్త వంటగదికి కూడా కాగితాలు ఉండాలి. ఫ్లాటులో మార్పులకు బోర్డు అనుమతిస్తూ చేసుకున్న ఆల్టరేషన్ అగ్రిమెంటు, నగర భవన నిర్మాణ శాఖ పర్మిట్లు అవసరమైన చోట పని పూర్తయి అవి మూసివేసిన రుజువు చూపమనండి. మీరు వెళ్లినప్పుడు సింకు కింద తలుపు తీసి పాత పైపులకు కొత్తవి ఎక్కడ అతికారో, కరెంటు పెట్టెలో బ్రేకర్లు ఉన్నాయో, ఇంకా పాత ఫ్యూజులే ఉన్నాయో చూసి రండి. తలుపులకు రంగు వేయడం చవక, గోడ లోపలి పని కాదు.

ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్లవలసి వస్తే అద్దెకివ్వడానికి అనుమతి ఉందో లేదో, అమ్మేటప్పుడు కో-ఆప్‌కు కట్టే రుసుము, అంటే ఫ్లిప్ టాక్స్, ఎంతో కూడా ముందే తెలుసుకోండి. ఒప్పందం నాడు మీరిచ్చే 10 శాతం, అంటే 42 వేల డాలర్లు, కొనుగోలు పూర్తయ్యే దాకా అమ్మకందారు లాయరు దగ్గర ఎస్క్రో అనే పూచీ ఖాతాలో ఉంటుంది. బోర్డు కాదన్నా, రుణం రాకపోయినా అది మీకు తిరిగివచ్చే షరతులు రెండూ అందులో ఉన్నాయని మీ లాయరు చూపించాకే చెక్కు రాయండి.