డాఫోడిల్‌కి ఆకులే తప్ప పువ్వు రాకపోతే

అక్కా, ఎంవీపీ కాలనీలో మీ డాబా మీద నాటిన డాఫోడిల్ (చలి దేశాల పూల మొక్క) దుంపలకు జానెడు ఆకులొచ్చి ఆగిపోయాయి, ఎరువు చాలలేదా అని అడిగారు కదా. తక్కువైంది ఎరువు కాదండీ, చలి. దుంప లోపల మొగ్గ ముందే తయారై ఉంటుంది. కాడ సాగి అది పైకి రావాలంటే 12 నుంచి 16 వారాలు పది డిగ్రీల లోపు చల్లదనం కావాలి. మన వైజాగ్‌లో సంక్రాంతికి కూడా దుప్పటి కప్పుకుంటే గొప్ప!

సెప్టెంబరులో కొత్త దుంపలు కాగితం సంచిలో వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. పక్కన యాపిల్స్ ఉంచకండి, పండే పళ్ళ నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి లోపలి మొగ్గ పాడవుతుంది. సంచి మీద పెద్దగా పేరు రాయండి. అచ్చం ఉల్లిపాయలా ఉంటాయి, తింటే విషం. మా అత్తగారు ఒకటి సగం కోసేశారు కూడా. జిగురు చూసి అనుమానమొచ్చి ఆపారు కాబట్టి సరిపోయింది.

డిసెంబరు చివర్లో ఇసుక కలిపిన మట్టిలో నాటండి. పొద్దుటి ఎండ చాలు, కుండీలో నీళ్ళు నిలవకూడదు. మరుసటి ఏడాది అవే దుంపలు మళ్ళీ పూస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంత తంటా ఎందుకనుకుంటే డాఫోడిల్‌లోనే పేపర్‌వైట్ అనే రకం తెప్పించుకోండి, దానికి ఫ్రిజ్ అక్కర్లేదు.