టీసీ లేకున్నా, చిరునామా లేకున్నా బడిలో సీటు ఇవ్వాల్సిందే

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. నా భర్త చనిపోయాక అద్దె కట్టలేక కొన్నాళ్లు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పడుకున్నాం. ఇప్పుడు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నిరాశ్రయుల వసతి గృహంలో ఉన్నాం. పాపకు 13 ఏళ్లు, ఆరో తరగతితో ఆగిపోయింది. బాబుకు 9 ఏళ్లు, ఆధార్ కూడా లేదు. బడికి వెళ్తే చిరునామా, టీసీ, ఆధార్ తెమ్మని పంపేస్తున్నారు. పాపకు నర్సు కావాలని ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, కాగితాలన్నీ కుదిరాక చేర్పిద్దాం అనుకుంటే ఈ ఏడాదీ పోతుంది. ముందు పిల్లల్ని బడిలో కూర్చోబెట్టండి, కాగితాలు తర్వాత.

2009 విద్యాహక్కు చట్టం ఈ విషయంలో మీ వైపే ఉంది. వయసు రుజువు లేదని సీటు నిరాకరించకూడదు (14వ సెక్షన్). టీసీ ఆలస్యమైందని ఆపకూడదు (5వ సెక్షన్). ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి (15వ సెక్షన్). ఇక ఆధార్ సంగతి: బడిలో చేర్చుకోవడానికి అది తప్పనిసరి కాదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాపను మళ్లీ ఆరులో వేస్తామంటే ఒప్పుకోకండి. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే, అంటే ఎనిమిదిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ గురించి అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు, మీరే అడగండి.

నోటిమాటగా అడిగితే నోటిమాటగానే 'లేదు' అంటారు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, ఈ సెక్షన్ల నంబర్లు వేసి, హెచ్ఎంకి ఇవ్వండి. కాదంటే కారణం అదే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. చాలాచోట్ల పని అక్కడే అయిపోతుంది. కాకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌కి వెళ్లండి. అర్జీ నంబరు ఉన్న రసీదు జాగ్రత్త.

అసలు చిక్కు చేరాక వస్తుంది. పాప వివరాలు పాత బడి పేరు మీదే యూడైస్ అనే బడిపిల్లల ఆన్‌లైన్ రికార్డులో ఉంటాయి. ఆ బడి వాళ్లు పాప పేరును తమ జాబితా నుంచి తీసి అందులోని 'డ్రాప్‌బాక్స్'లో (బడి మారే పిల్లల జాబితాలో) వేస్తేనే కొత్త బడి తన జాబితాలోకి తీసుకోగలదు. అది జరగకపోతే పాప రోజూ తరగతిలో కూర్చుంటున్నా రికార్డులో ఉండదు. పాత బడికి ఫోన్ చేసి పాప పెన్ నంబరు (ఆ రికార్డులో విద్యార్థికి ఇచ్చే శాశ్వత సంఖ్య) అడిగి తీసుకోండి, కొత్త హెచ్ఎంకి ఇవ్వండి. బాబుకు వయసు రుజువుగా అంగన్‌వాడీ లేదా ఆసుపత్రి రికార్డు సరిపోతుంది, అవీ లేకపోతే మీరు రాసిచ్చే ప్రకటన చాలు. అయితే ఈరోజు ఏ పుట్టినతేదీ, ఇంటిపేరు ఏ అక్షరాలతో రాయిస్తారో, ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ అవే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర ఆగుతుంది. ఆధార్‌కు చిరునామా రుజువుగా వసతి గృహం నిర్వాహకులు యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) నమూనాలో ధ్రువపత్రం ఇవ్వవచ్చేమో అడగండి. నమూనా ఆధార్ కేంద్రంలో దొరుకుతుంది.

పాపకు నా ఓటు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయానికే. తిండి, వసతి అక్కడే. బడి మానేసిన, అనాథ, పేద పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. ప్రధాన ప్రవేశాలు ఆరుకీ ఇంటర్‌కీ జరిగినా, ఎనిమిదిలో మిగిలిన సీట్లూ భర్తీ చేస్తారు. ఆ బడులను చూసే సమగ్ర శిక్ష కార్యాలయంలో అడగండి. బాబు చిన్నవాడు, మీ దగ్గరే ఉండనివ్వండి. వసతి గృహానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న సర్కారు బడి చాలు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పిల్లల్ని లాక్కుపోతారని కొందరు తల్లులు భయపడతారు. బాలల న్యాయచట్టం ప్రకారం సంస్థలో పెట్టడం ఆఖరి మార్గం. అంతకుముందే స్పాన్సర్‌షిప్ ఉంది, అంటే బిడ్డ ఇంట్లోనే ఉండి చదివేందుకు సాయం: మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన బిడ్డకు నెలకు రూ.4,000. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.96,000 దాటకూడదు. భర్త మరణ ధ్రువపత్రంతో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టండి.

నర్సు కోరిక మంచిదే. ఇంటర్ బైపీసీ చదివితే మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ రెండు దారులూ తెరిచి ఉంటాయి. కస్తూర్బాలో సీటు తీసుకునేటప్పుడే అక్కడ ఇంటర్‌లో ఏ గ్రూపులున్నాయో కనుక్కోండి. ఏటా స్టడీ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. బళ్లు మారిన పిల్లలకు కాలేజీ సీట్లలో లోకల్ కోటా (స్థానికులకు కేటాయించే సీట్లు) దగ్గర ఇబ్బంది వచ్చేది ఆ కాగితాలు లేకే.

ఇంకొకటి, వార్డు సచివాలయంలో ఎడ్యుకేషన్ సెక్రటరీని కలిసి మీ ముగ్గురి పేర్లు హౌస్‌హోల్డ్ డేటాలో (సచివాలయం దగ్గరుండే కుటుంబ వివరాల్లో) ఉన్నాయో లేదో చూపించమనండి. పాత ఊళ్లోనే ఉంటే ఇక్కడికి మార్పించండి, బడిపిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఆ డేటాను బట్టే వస్తుంది. మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో కూడా అదే రోజు చూసుకోండి.