‘రక్షింపబడ్డాను’ అనవచ్చా?

సందేహం: క్రైస్తవులు సాక్ష్యం (తమ విశ్వాసానుభవం) చెప్పేటప్పుడు ‘నేను రక్షింపబడ్డాను’ అంటారు, అంటే పాపం నుంచి విడుదల దొరికిందని. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదు కదా! ‘రక్షణ పొందాను’ అనో, ‘నన్ను నేను రక్షించుకున్నాను’ అనో మార్చవచ్చా?

సమాధానం: మొదటిది నిరభ్యంతరంగా రాయవచ్చు. రెండోది వద్దు. వ్యాకరణరీత్యా అందులో దోషం లేదు గానీ, అది క్రైస్తవ విశ్వాసాన్ని తలకిందులు చేస్తుంది.

‘రాముని చేత రావణుడు చంపబడెను’ అనే వాక్యం వ్యాకరణ పాఠంలో తప్ప వినబడదు. ‘బడు’ను వీలైనంత తగ్గించాలనేవారితో నేనూ ఏకీభవిస్తాను. కానీ ఇక్కడ మనిషి కర్త కాడన్నదే చెప్పదలచిన సంగతి. ‘బడు’ ఆ పనే చేస్తోంది. ‘కొను’ చేరిందా, చేసినవాడూ ఫలం అందుకున్నవాడూ ఒకడే అవుతాడు.

ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలోని వాక్యం చూడండి: ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే.’ విభక్తులు ఎంత జాగ్రత్తగా పడ్డాయో! కృపకు (అర్హత చూడకుండా దేవుడు చూపే దయకు) ‘చేత’, విశ్వాసానికి ‘ద్వారా’. మనిషికి ‘వలన’ చేర్చి వెంటనే ‘కాదు’ అన్నారు. ‘చేతనే’, ‘వరమే’ అన్నచోట్ల ఉన్న ఏకారం మరో కారణానికి చోటివ్వదు. దీన్నే ‘విశ్వాసంతో కృపను సంపాదించి’ అని తిరగరాస్తే విశ్వాసం చెల్లించిన మూల్యమైపోతుంది, కృప కృపగా మిగలదు.

మరి ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ‘మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి’ అని ‘కొను’ ఉంది కదా అని మీరు అడగవచ్చు. అక్కడి ధాతువు ‘కొనసాగించు’. మొదలైనదాన్నే కొనసాగిస్తాం. పైగా ఆ తరువాతి వచనమే, మనలో ఇచ్ఛనూ కార్యాన్నీ కలిగించేది దేవుడే అంటోంది.

రక్షణలో మనిషి పాత్ర ఎంత అన్న చర్చ పాతదే. మనిషి తన ఇచ్ఛతోనే మేలు చేయగలడన్న ప్రాచీన క్రైస్తవ బోధకుడు పెలాగియస్‌ను వేదాంతి అగస్టీన్ ఎదిరించాడు. విశ్వాసానికి ఆరంభం సైతం కృపేనని 529లో ఫ్రాన్స్‌లోని ఆరెంజ్‌లో కూడిన క్రైస్తవ సంఘ సభ తీర్మానించింది. 1618–19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సభలో, ప్రొటెస్టెంట్లలోనే కాల్విన్ మార్గీయులకూ అర్మీనియస్ అనుచరులకూ వచ్చిన వివాదం వేరు. రక్షణకు దేవుడు మనుషులను ఎన్నుకునేది దేన్నిబట్టి, ఆయన కృపను మనిషి తోసిపుచ్చగలడా అన్నవి అక్కడి ప్రశ్నలు. వాటిని విభక్తి ప్రత్యయాలు తేల్చలేవు. అయితే కృపే ముందు నడుస్తుందన్నది ఉభయులకూ సమ్మతమే కనుక, ‘రక్షింపబడ్డాను’ అనడానికి ఇరుపక్షాలకూ అడ్డులేదు.

నన్నడిగితే అన్నిటికన్నా చక్కని తెలుగు ‘దేవుడు నన్ను రక్షించాడు’. నుడికారమూ నిలుస్తుంది, కర్త స్థానమూ దేవునికే దక్కుతుంది. ముందు వాక్యంలో దేవుని ప్రస్తావన ఉండి, ఇక్కడ దృష్టి మనిషి మీద ఉంటే ‘రక్షింపబడ్డాను’ను అలాగే ఉంచండి.

‘రక్షించబడ్డాను’ అనే రూపమూ నేడు వాడుకలో ఉంది. ‘రక్షింపబడు’ గ్రాంథిక సంప్రదాయంలోది. ఏది ఎంచుకున్నా రచన అంతటా ఒకటే వాడండి.