స్టాల్‌కొచ్చినవాళ్ల లాప్‌టాప్ ముట్టుకోకండి

ప్రశ్న: ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డేకి మా కాలేజీలో స్టాల్ పెడుతున్నాం. కిందటేడు జనం స్టిక్కర్లు తీసుకుని వెళ్లిపోయారు తప్ప మా మాట విన్నవాళ్లు తక్కువ. ఈసారి ఎలా మాట్లాడాలి? వచ్చినవాళ్ల లాప్‌టాప్‌లో అక్కడికక్కడే లినక్స్ (విండోస్‌కు బదులు వాడే స్వేచ్ఛా సిస్టమ్) ఎక్కించి ఇవ్వొచ్చా?

సెప్టెంబర్ మూడో శనివారం దగ్గరపడుతోందంటే ఈ రెండు ప్రశ్నలూ జంటగా దిగుతాయి. మొదటిది తేలిక. భుజాన బ్యాగుతో దారి మధ్యలో ఆగిన మనిషికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నాలుగు స్వేచ్ఛలు, జీపీఎల్ లైసెన్సు, గ్నూ ప్రాజెక్టు చరిత్ర అప్పజెప్పకండి. ‘కంప్యూటర్ మీద రోజూ ఏం పని చేస్తుంటారండీ?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఊరుకోండి. వీడియోలు కత్తిరిస్తానంటే కేడెన్‌లైవ్, బొమ్మలు గీస్తానంటే క్రిటా, మార్కుల జాబితాలంటే లిబ్రేఆఫీస్ క్యాల్క్. ఒక్కటే తెరవండి. షాపు లెక్కల ప్యాకేజీ లినక్స్‌లో నడుస్తుందా అంటే, నడవనిది నడవదనే చెప్పండి, నసగొద్దు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఫైళ్లూ అంతే: అవి అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన యూనికోడ్ అక్షరాలు కావు, ఆ ఫాంట్ లేనిచోట పిచ్చిరాతలే కనిపిస్తాయి. ఇంటికెళ్లాక వాళ్లంతట వాళ్లు కనుక్కునేకన్నా మీ నోట వినడం మేలు.

బ్యానర్ మీద ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అని రాసి, వచ్చినవాళ్లందరికీ ‘ఫ్రీ అంటే ఉచితం కాదండీ’ అని వివరించడం ఇంకో తమాషా. ఇంగ్లీషుకు ఆ ఇబ్బంది ఉంది, మనకేం ఖర్మ? ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అని రాస్తే ఆ ఉపన్యాసం తప్పుతుంది.

టేబుల్ వెనక ముగ్గురు చేరి వాళ్లలో వాళ్లు కబుర్లాడుకుంటుంటే ఎవరూ దగ్గరికి రారు. ఒకరు పక్కకొచ్చి నిలబడండి. కీబోర్డు వచ్చినవాళ్ల వైపు తిప్పి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టి, వాళ్ల పేరు వాళ్లచేతే కొట్టించండి. హెచ్, డి, జె నొక్కితే ‘ప్ర’: ముందు ప, తర్వాత పొల్లు, వెనక ర. ఆ కిటుకు అందాక వేలితో వెతుక్కుంటూనైనా పేరు పూర్తిచేసిగానీ కదలరు. లేఅవుట్ అచ్చేసి పక్కన అతికించండి. వైఫైని నమ్ముకోకుండా, చూపించేదంతా నెట్ లేకుండానే నడిచేలా చూసుకోండి.

రెండో ప్రశ్నకు జవాబు: వద్దు. అడిగింది వాళ్లే అయినా వద్దు.

ఈమధ్య చాలా విండోస్ లాప్‌టాప్‌లలో మొదటి సెటప్‌తోనే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోతోంది, అంటే కీ లేనిదే చదవలేనట్టు తాళం పడుతోంది. యజమానికి ఆ సంగతే తెలియదు. మీ పెన్‌డ్రైవ్ బూట్ కాలేదని మీరు బయోస్‌లోకి (లాప్‌టాప్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) వెళ్లి, గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆపేస్తారు. డెమో బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆయన ఇంటికెళ్లి ఆన్ చేస్తే తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సెక్యూర్ బూట్ మళ్లీ పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది, ప్రతిసారీ కాదు. మరి ఆ కీ ఎక్కడుంది? మొదటిరోజు సెటప్‌లో వాడిన ఆన్‌లైన్ ఖాతాలో. ఆ ఖాతా షాపులో కుర్రాడు అప్పటికప్పుడు తెరిచింది అయితే? పాస్‌వర్డ్ అతనికీ గుర్తుండదు, పిల్ల పుట్టినప్పటి ఫొటోలు మాత్రం ఆ డిస్క్‌లోనే ఉంటాయి.

ఎన్‌క్రిప్షన్ మంచిదే, లాప్‌టాప్ పోయినా పాన్ కార్డు కాపీలు దొంగ చేతికి చిక్కవు. కానీ ఇంటికి తాళం వేసినట్టు ఇంటాయనకే చెప్పకపోవడం ఏం డిజైన్? సెటప్‌లో ప్రకటనల అనుమతికి తెర నిండా చోటుంటుంది, ‘ఇదిగో మీ కీ, కాగితం మీద రాసుకోండి’ అనడానికి మాత్రం ఉండదు.

అందుకే స్టాల్‌లో మీ సొంత పాత లాప్‌టాప్ మీదే చూపించండి. 4 జీబీ ర్యామ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ చాలు. 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ 10తో అవస్థపడుతున్నవాళ్లు చూడాల్సింది అదే. తమ లాప్‌టాప్ మీదే చూస్తామని పట్టుబడితే ముందు రికవరీ కీ వాళ్లచేతే తెరిపించి రాయించండి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేయమనండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల డిస్క్ సగం నిద్రలో ఉంటుంది. తర్వాత ఎఫ్12తోనో ఎస్కేప్‌తోనో ఆ ఒక్కసారికి బూట్ మెనూ, లైవ్ మోడ్ (డిస్క్‌లో ఏదీ ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపడం). సెక్యూర్ బూట్ ఉండగానే నడిచే డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్‌లే వాడండి. అప్పటికీ బూట్ కాకపోతే నవ్వి ఊరుకోండి, బయోస్ జోలికి పోవద్దు.

పెన్‌డ్రైవ్‌ల విషయం కూడా. అయిదారు ఐఎస్‌ఓలు (లినక్స్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) ఒకేదాంట్లో వేసుకునే వెంటాయ్ ప్రోగ్రామ్ మీకు సుఖమే, కానీ దాని పెద్ద పార్టిషన్ మీద ఎవరైనా రాయొచ్చు. నడుస్తున్న విండోస్‌లో ఒకసారి గుచ్చితే షార్ట్‌కట్ వైరస్ కాపురం పెట్టి, తర్వాతి లాప్‌టాప్‌కి మీ చేతులమీదుగానే వెళుతుంది. పంచడానికైతే ఒక్కో డ్రైవ్‌కి ఒక్కో ఐఎస్‌ఓ నేరుగా రాసి, రాసేముందు ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు చెడలేదని తేల్చే కోడ్) సరిచూడండి. ‘ఇందులోకి కాపీ చేసివ్వండి’ అంటూ చాపిన పెన్‌డ్రైవ్ తీసుకోవద్దు.

ఫోన్ నంబర్లు రాయించే రిజిస్టర్ టేబుల్ మీద తెరిచి పెట్టడమూ మానండి. వెనకొచ్చినవాడు ఒక్క ఫొటో తీస్తే నంబర్లన్నీ అతనివే, మీరేమో గోప్యత గురించి మాట్లాడుతుంటారు. చిన్న చీటీలు, మూత ఉన్న డబ్బా పెట్టండి. వాళ్ల చేతికీ ఓ చీటీ ఇవ్వండి: చూసిన ప్రోగ్రామ్ పేరు, ఇన్‌స్టాల్ చేసే రోజు, చోటు, వెంట తెచ్చుకోవాల్సినవి. బ్యాకప్ తీసిన డిస్క్, రాసుకున్న కీ, ఛార్జర్.